మిద్దె మీద గదికి ఎన్ని టన్నుల ఏసీ కావాలి? సీమ ఎండకు తగ్గ లెక్క

ఏసీ కొనడానికి షోరూమ్‌కి వెళ్తే అడిగే మొదటి ప్రశ్న "రూమ్ సైజ్ ఎంత సార్?" అని. పన్నెండు బై పద్నాలుగు అంటే వెంటనే జవాబు వస్తుంది: "ఒకటిన్నర టన్ను". అది కింద పోర్షనా, పైన ఎండ కాసే మిద్దె కిందనా, పడమటి గోడ ఉందా లేదా, కిటికీ ఎటు వైపు ఉంది అని అడిగేవాళ్లు తక్కువ. కడపలోనో అనంతపురంలోనో కర్నూలులోనో మే నెలలో ఒకే కొలత ఉన్న రెండు గదుల మధ్య తేడా ఎంత ఉంటుందో అక్కడ ఒక రాత్రి పడుకున్నవాళ్లకు తెలుసు. కింద గదిలో ఫ్యాన్‌తో గడిచిపోతుంది. పై గదిలో రాత్రి పదికి కూడా ఫ్యాన్ వేడిగాలే కొడుతుంది.

కాబట్టి కొనే ముందు లెక్క మనమే కట్టుకోవాలి. ఒక టేపు, ఒక కాగితం, ఒక గంట సమయం చాలు. ఇది ఇంజనీర్లు ఆఫీసు భవనాలకు వేసేంత వివరమైన లెక్క కాదు, కానీ దాని వెనకున్న సూత్రం అదే. గదిలోకి గంటగంటకూ ఎంత వేడి వస్తుందో, అంత వేడినీ బయటికి తోసే శక్తి యంత్రానికి ఉండాలి.

ముందుగా టన్ను సంగతి. ఏసీ టన్నుకూ దాని బరువుకూ సంబంధం లేదు. అమెరికా కొలతలో ఒక టన్ను ఐసు, అంటే సుమారు 907 కిలోలు, 24 గంటల్లో కరగడానికి ఎంత వేడి తీసుకుంటుందో అంత వేడిని లాగేసే శక్తి అది. లెక్కలో 3517 వాట్లు, లేదా గంటకు 12,000 బీటీయూలు (వేడిని కొలిచే ఇంకో కొలమానం). ఇది కరెంటు ఖర్చయ్యే వాట్లు కాదు, గదిలోంచి తీసేసే వేడి వాట్లు. మన లెక్కంతా ఈ వేడి వాట్లలోనే నడుస్తుంది.

మొదట కొలతలు, దిక్కులు

గది పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో రాసుకోండి. కాగితం మీద నాలుగు గోడలూ గీసి ఏది ఎటు ఉందో ఫోన్‌లో దిక్సూచి చూసి గుర్తు పెట్టండి. ఒక్కో గోడ అవతల ఏముందో కూడా రాయండి: ఎండా, పక్క గదా, మెట్ల గదా, పక్కింటి గోడా. పైన ఇంకో అంతస్తు ఉందా, నేరుగా ఆకాశమేనా అన్నది అన్నిటికన్నా ముఖ్యం. కిటికీల్లో అద్దం ఉన్న భాగం ఎంతో విడిగా కొలవండి.

ఉదాహరణకు ఒక గది తీసుకుందాం. 12 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు. పై అంతస్తు, మీద స్లాబ్ తప్ప ఇంకేమీ లేదు. 14 అడుగుల గోడ పడమర, అందులో 5 బై 4 అడుగుల కిటికీ. 12 అడుగుల గోడ దక్షిణం, కిటికీ లేదు. మిగతా రెండు గోడలూ ఇంటి లోపలివే, వాటి అవతల ఏసీ లేదు. లోపల 26 డిగ్రీలు కావాలి, బయట 42 ఉంది అనుకుందాం. ఎండాకాలంలో 44 దాటే రోజులూ ఉంటాయి. వాటి సంగతి యంత్రం ఎంచుకునేటప్పుడు చూద్దాం.

పైకప్పు: అసలు వేడి ఇక్కడిదే

చాలామంది గోడల గురించి ఆలోచిస్తారు గానీ మన ప్రాంతంలో ఎక్కువ వేడి పైనుంచే దిగుతుంది. దానికి కారణం సూర్యుడి దారి. కడప, అనంతపురం ఉన్నది భూమధ్యరేఖకు పద్నాలుగున్నర డిగ్రీలకు అటూఇటూగా, కర్నూలు పదహారుకు కాస్త తక్కువ. ఏప్రిల్ చివర్లో, మే మొదటి వారంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మన నెత్తి మీదుగా పోతాడు. అక్కణ్ణుంచి ఆగస్టు రెండో వారం దాకా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు మనకు కొంచెం ఉత్తరానే ఉంటాడు. అంటే ఎండలు బాగా మండే రోజుల్లో కిరణాలు స్లాబ్ మీద నిటారుగా పడతాయి. దక్షిణపు గోడ మీద నేరుగా ఎండ పడదు.

అయిదంగుళాల కాంక్రీట్ స్లాబ్ వేడిని పెద్దగా ఆపలేదు. అవతలికీ ఇవతలికీ ఒక డిగ్రీ తేడా ఉంటే చదరపు మీటరుకు మూడు వాట్లకు పైగానే వదిలేస్తుంది. ఎండలో మిద్దె పైభాగం 60 డిగ్రీల దగ్గరికి పోతుంది. ఆ వేడి కాంక్రీట్‌లోంచి మెల్లగా దిగి లోపలికి చేరడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటికి స్టూల్ ఎక్కి అరచెయ్యి సీలింగ్‌కి ఆనించి చూడండి. గోడ ఒకలా, సీలింగ్ ఒకలా తెలుస్తుంది. ఒంటికి తగిలే ఆ వేడి గాలిది కాదు, కాంక్రీట్ నుంచి నేరుగా వచ్చేది. ఫ్యాన్ ఎంత తిరిగినా హాయిగా లేకపోవడానికి అదీ ఒక కారణం.

లెక్కకు ఒక అంకె: ఎండ కాసే మామూలు స్లాబ్‌కు చదరపు అడుగుకు 9 వాట్లు. మన గదికి 168 చదరపు అడుగులు, అంటే 1512 వాట్లు. పైన ఇంకో అంతస్తు ఉండి, అందులో ఏసీ లేకపోతే చదరపు అడుగుకు 2 వాట్లు చాలు, అంటే 336.

ఇక్కడ మన ప్రాంతపు అలవాటు ఒకటి చెప్పాలి. బండలు చవకని మిద్దె మీద నల్ల కడప బండలు పరిచినవాళ్లు ఉన్నారు. వాన నీళ్లు కారకుండా అది పనికొస్తుందేమో గానీ, వేడికి మాత్రం మేలు చెయ్యదు. రాయి వేడిని బాగా ప్రసరించనిస్తుంది, పైగా నలుపు ఎండను పీల్చుకుంటుంది. అలాంటి మిద్దెకు చదరపు అడుగుకు 10 వాట్లు వేసుకోండి. పాతకాలపు మట్టి మిద్దెలు ఇందుకు పూర్తిగా వేరు. దూలాలు, దంతెల మీద మందంగా చౌడు మట్టి వేసిన కప్పు పగటి వేడిని చాలాసేపు లోపలికి రానివ్వదు. ఊళ్లో అలాంటి ఇల్లు ఉంటే దానికి పైకప్పు అంకె సగానికి తగ్గించినా తప్పు లేదు.

గోడలు

తొమ్మిదంగుళాల ఇటుక గోడ, రెండు వైపులా ప్లాస్టింగ్ ఉంటే, పడమటి గోడకు చదరపు అడుగుకు 4 వాట్లు, ఎండ నేరుగా పడని బయటి గోడకు 2 వాట్లు. తూర్పు గోడ పొద్దున కాలి సాయంత్రానికి చల్లబడుతుంది కాబట్టి మూడు వేస్తే సరిపోతుంది. లోపలి గోడలను చాలామంది వదిలేస్తారు, వదలకూడదు. అవతలి హాలు 35 డిగ్రీల్లో ఉంటే అక్కణ్ణుంచీ వేడి వస్తుంది. నాలుగున్నర అంగుళాల గోడకు చదరపు అడుగుకు 2 వాట్లు. కింద గదిలో ఏసీ లేకపోతే నేలకు కూడా అంతే.

మన గదిలో పడమటి గోడ కిటికీ పోను 120 చదరపు అడుగులు, 480 వాట్లు. దక్షిణపు గోడ 120, అంటే 240 వాట్లు. లోపలి గోడలు రెండూ తలుపు పోను సుమారు 240 చదరపు అడుగులు, 480 వాట్లు. నేల 168, అంటే 336.

పడమటి గోడకు ఒక గుణం ఉంది. మధ్యాహ్నం నుంచి పీల్చుకున్న వేడిని రాత్రి పదింటి దాకా వదులుతూనే ఉంటుంది. మంచం తలవైపు పడమటి గోడకు ఆనుకుని ఉంటే దాన్ని మార్చండి. ఏసీ కొనకముందే కొంత తేడా తెలుస్తుంది.

కిటికీలు

అద్దం చిన్నదే అయినా వేడి విషయంలో గోడకన్నా ఎన్నో రెట్లు నష్టం చేస్తుంది. పడమర వైపు మామూలు అద్దానికి లోపల పరదా వేసినా చదరపు అడుగుకు 36 వాట్లు వేసుకోవాలి. పరదా లేకపోతే 50. నీడలో ఉన్న కిటికీకి, లేదా ఎండాకాలంలో దక్షిణపు కిటికీకి 15 చాలు. మన 20 చదరపు అడుగుల కిటికీకి 720 వాట్లు. 120 చదరపు అడుగుల పడమటి గోడ మొత్తం కన్నా ఈ చిన్న కిటికీదే ఎక్కువ!

పరదా లోపల వేస్తే ఎండ అప్పటికే అద్దం దాటి వచ్చేసినట్టు. పరదా వేడెక్కి ఆ వేడి గదిలోనే ఉండిపోతుంది. అందుకే అడ్డు బయట ఉండాలి: వెదురు తడిక, షేడ్ నెట్, కిందికి దింపిన షీటు, ఏదైనా సరే. పడమటి కిటికీకి పైన సజ్జ ఎంత ముందుకు ఉన్నా సాయంత్రపు వాలు ఎండను ఆపలేదు, ఎదురుగా నిలువు అడ్డు కావాల్సిందే. బయట అలా అడ్డు పెడితే ఆ 36 కాస్తా 15కు దిగుతుంది.

మనుషులు, వస్తువులు, గాలి

కూర్చున్న మనిషి ఒంట్లోంచి సుమారు 100 వాట్ల వేడి వస్తుంది. పిల్లలకు కాస్త తక్కువ, అయినా మనిషికి వంద వేసుకుంటే లెక్క తేలిక. నలుగురికి 400. టీవీ, ఫ్యాను, లైట్లకు 200. గదిలో ఫ్రిజ్ ఉంటే, వంటిల్లు పక్కనే ఉండి తలుపు తెరిచే ఉంటే ఇంకో రెండు మూడు వందలు కలపాలి.

తలుపు సందుల్లోంచి వచ్చే వేడిగాలికి గది ఘనపరిమాణం చూడాలి. ప్రతి ఘనపుటడుగుకు 0.2 వాట్లు. మన గది 1680 ఘనపుటడుగులు, అంటే 336 వాట్లు. తలుపు కింద అంగుళం సందు ఉంటే, కిటికీ రెక్కలు సరిగ్గా పడకపోతే ఇది రెట్టింపు అవుతుంది. రబ్బరు పట్టీ వేయడానికి అయ్యే ఖర్చు చాలా చిన్నది, అది ముందే చేయించండి.

కూడిక

పైకప్పు 1512, గోడలన్నీ కలిపి 1200, నేల 336, కిటికీ 720, మనుషులు 400, వస్తువులు 200, గాలి 336. మొత్తం 4704 వాట్లు. 3517తో భాగిస్తే 1.34 టన్నులు.

ఇందులో దాదాపు మూడో వంతు ఒక్క పైకప్పుదే. ఇదే గది మీద ఏసీ లేని ఇంకో అంతస్తు ఉంటే పైకప్పు 1512 కాస్తా 336 అవుతుంది, మొత్తం 3528 వాట్లు. సరిగ్గా ఒక టన్ను. గది కొలత అదే, గోడలు అవే, మనుషులు వాళ్లే. చదరపు అడుగులు మాత్రమే చూసి టన్నులు చెప్పేవాళ్ల లెక్క ఎక్కడ తప్పుతుందో ఈ రెండు అంకెల్లోనే ఉంది.

ఈ మొత్తం మీద భద్రత కోసమని ఇంకో 20 శాతం కలపొద్దు. పడమటి కిటికీ వేడి సాయంత్రం అయిదుకు, పడమటి గోడ వేడి రాత్రికి గరిష్ఠానికి చేరతాయి. మనం అన్నిటినీ ఒకే గంటలో వచ్చినట్టు కూడాం కాబట్టి కొంత వెసులుబాటు అందులోనే ఉంది.

కొనే ముందు మిద్దె మీద పని

నా అభిప్రాయంలో ఈ మార్గదర్శి మొత్తంలో డబ్బు మిగిల్చే భాగం ఇదే. పైకప్పు లెక్క ఎంత పెద్దదో చూశాక, ముందు దాన్ని తగ్గించి ఆ తర్వాతే షోరూమ్‌కి వెళ్లాలి.

అన్నిటికన్నా చవకైనది తెలుపు. మిద్దెను బాగా ఊడ్చి కడిగి, సున్నంలో కాస్త జిగురు కలిపి రెండు పూతలు వేస్తే చదరపు అడుగుకు 9 ఉన్నది 6 దాకా దిగుతుంది. మన గదికి 500 వాట్లు తగ్గినట్టు. సున్నం వానకు పోతుంది, కాబట్టి ఏటా మార్చిలో మళ్లీ వెయ్యాలి. కూల్ రూఫ్ పెయింట్ అయితే కొన్నేళ్లు ఉంటుంది, కానీ దుమ్ము పట్టిన తెలుపు తెలుపు కాదు, ఎండాకాలంలో అప్పుడప్పుడు కడగాలి. విరిగిన తెల్ల టైల్ ముక్కలు పరిపించడం ఇంకా మన్నికైన పని. పక్క రాష్ట్రం తెలంగాణ 2023లో కూల్ రూఫ్‌ల కోసం ప్రత్యేకంగా ఒక విధానమే తెచ్చింది.

రెండోది నీడ. పొలాలకు వాడే షేడ్ నెట్ మిద్దె మీద ఆరేడు అడుగుల ఎత్తున కడితే ఎండ స్లాబ్‌ను తాకదు, కింద గాలి ఆడుతుంది. సోలార్ ప్యానెళ్లు పెట్టించుకునే ఆలోచన ఉంటే వాటిని పడకగది పైన వచ్చేలా పెట్టించండి. కరెంటుతో పాటు నీడ కూడా వస్తుంది.

మూడోది ఇన్సులేషన్. రెండు అంగుళాల ఎక్స్‌పీఎస్ (వేడిని ఆపే గట్టి ఫోమ్) షీటు స్లాబ్ మీద పరిచి, పైన కాంక్రీట్ పొర, తెల్ల టైల్స్ వేయిస్తే చదరపు అడుగుకు ఒకటిన్నర వాట్లే మిగులుతాయి. ఖర్చు ఎక్కువ, కానీ మిద్దె వాటర్‌ప్రూఫింగ్ ఎలాగూ చేయిస్తున్నప్పుడు కలిపి చేయిస్తే కూలీ కలిసొస్తుంది. లోపల ఫాల్స్ సీలింగ్ వేస్తే కొంత ఉపయోగం ఉంటుంది గానీ, స్లాబ్ మాత్రం అలాగే కాలుతూ ఉంటుంది. వేడిని బయటే ఆపడం మంచిది.

ఇప్పుడు మన గదికి మళ్లీ లెక్క: ఇన్సులేషన్‌తో పైకప్పు 252, కిటికీకి బయట అడ్డుతో 300. మొత్తం 3024 వాట్లు, అంటే 0.86 టన్ను. ఒకటిన్నర టన్ను కావాల్సిన గది ఒక టన్నుకు వచ్చింది. రోజూ కరెంటు బిల్లులో తగ్గేది దీనికి అదనం.

అంత ఖర్చు వద్దనుకునేవాళ్లకు ఒక మాట. ఏప్రిల్, మే నెలల్లో అనంతపురం గాలి పొడిగా ఉంటుంది కాబట్టి, తెల్లసున్నం వేసిన మిద్దె కింద మంచి కూలర్ బాగానే పనిచేస్తుంది. నీళ్లు బాగా తాగుతుంది, కిటికీ ఒకటి తెరిచి ఉంచాలి. వానలు మొదలయ్యాక మాత్రం జిడ్డుగా తయారవుతుంది.

యంత్రం ఎంపిక

పెట్టె మీద పెద్దగా రాసిన "1.5 టన్ను" అన్న మాటను నమ్మకండి. స్టార్ లేబుల్ మీద చిన్న అక్షరాల్లో కూలింగ్ కెపాసిటీ వాట్లలో ఉంటుంది. ఒకటిన్నర టన్ను పేరుతోనే 4800 వాట్లవీ, 5200 వాట్లవీ అమ్ముతారు. చూడాల్సింది వంద శాతం సామర్థ్యం దగ్గరున్న అంకె.

ఇంకొక సంగతి కూడా ఉంది. ఆ అంకె బయట 35 డిగ్రీలు ఉన్నప్పుడు పరీక్షించి వేసింది. బయట 42, 44 ఉన్నప్పుడు అదే యంత్రం సుమారు పదో వంతు తక్కువ ఇస్తుంది. కాబట్టి మన లెక్కను 1.1తో హెచ్చవేసి, లేబుల్ మీద అంత ఉన్నది వెతకాలి. 4704కి 5174 వస్తుంది, అంటే 4800 వాట్ల మోడల్ మే నెలలో చాలదు. మిద్దె బాగుచేసిన గదికి 3024కి 3326 వస్తుంది, లేబుల్ మీద 3400 పైన ఉన్న ఒక టన్ను సరిపోతుంది. 46 డిగ్రీల దగ్గర ఎంత ఇస్తుందో కొన్ని కంపెనీలు కేటలాగ్‌లో ఇస్తాయి, అడిగి తీసుకోండి.

"ఎందుకైనా మంచిది రెండు టన్నులు తీసుకోండి" అనేవాళ్లు ఉంటారు. ఇన్వర్టర్ (అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగం మార్చుకునే రకం) కాని ఏసీ అవసరానికన్నా పెద్దదైతే గదిని గబగబా చల్లబరిచి ఆగిపోతుంది, మళ్లీ మొదలవుతుంది. ఆగస్టు, సెప్టెంబర్‌లో గాలిలో తేమ ఉన్నప్పుడు అలా ఆగి ఆగి నడిస్తే తేమ పోదు, గది చల్లగా ఉన్నా చెమ్మగా ఉంటుంది. ఇన్వర్టర్ ఏసీ వేగం తగ్గించుకోగలదు, కానీ దానికీ ఒక కింది హద్దు ఉంది. రోజుకు ఎనిమిది గంటలు పైగా వాడేవాళ్లకు అయిదు స్టార్ల ఇన్వర్టర్ సరైనది. ఎండాకాలం రెండు నెలలు, రాత్రి మాత్రమే అయితే మూడు స్టార్లు చాలు.

బిగింపు

లెక్క ఎంత సరిగ్గా కట్టినా బిగింపు పాడైతే అంతా పోతుంది. అవుట్‌డోర్ యూనిట్‌ను పడమటి ఎండలోనో, పిట్టగోడ మూలలోనో, కాలే స్లాబ్ మీద నేరుగానో పెట్టనివ్వకండి. అది వదిలిన వేడిగాలినే మళ్లీ పీల్చుకుంటే దాని చుట్టూ ఉండేది 42 కాదు, 50. ఉత్తరమో తూర్పో గోడకు స్టాండు వేసి, ముందు అయిదారు అడుగుల ఖాళీ, వెనక అడుగు ఖాళీ వదిలించండి. పైన ఒక బండ నీడలా వేయిస్తే మంచిదే, ముందు వైపు మాత్రం మూయకూడదు.

రాగి పైపు ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. గ్యాస్ వదిలే ముందు పైపుల్లోని గాలిని వ్యాక్యూమ్ పంపుతో తియ్యాలి. పంపు తేకుండా, కాస్త గ్యాస్ వదిలి గాలి తోసేస్తానంటే ఒప్పుకోకండి. పైపులో మిగిలిన తేమ కంప్రెసర్‌ను మెల్లగా తినేస్తుంది.

కరెంటుకు మీటర్ బోర్డు నుంచి విడిగా లైను లాగించాలి. ఒకటిన్నర టన్నుకు 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, 20 ఆంప్స్ ఎంసీబీ, గట్టి ఎర్తింగ్. సాయంత్రం ఏడెనిమిది మధ్య ఇంట్లో వోల్టేజ్ ఎంతుందో ఎలక్ట్రీషియన్‌తో కొలిపించండి. ఏసీ కేటలాగ్‌లో చెప్పిన హద్దు కన్నా కిందికి పోతుంటే స్టెబిలైజర్ తప్పదు. ఇంటి శాంక్షన్డ్ లోడ్ (ఇంటికి మంజూరైన కరెంటు లోడు) కూడా బిల్లు మీద చూసుకోండి. తక్కువ ఉంటే మన కరెంటు పంపిణీ సంస్థ ఎస్పీడీసీఎల్‌కు దరఖాస్తు పెట్టి పెంచుకోవాలి.

బిగించాక పరీక్ష

మెకానిక్ ఉండగానే ఏసీని అతి తక్కువ డిగ్రీలకు పెట్టి ఇరవై నిమిషాలు నడపండి. యూనిట్ పైన లోపలికి పోయే గాలి, కింద బయటికి వచ్చే గాలి మధ్య తేడా థర్మామీటర్‌తో చూడండి. 10 నుంచి 12 డిగ్రీలు ఉంటే గ్యాస్, గాలి రెండూ సరిగ్గా ఉన్నట్టు. తేడా ఏడెనిమిది కన్నా తక్కువైతే అతన్ని పంపకుండా కారణం అడగండి.

తర్వాత మంచి ఎండ రోజు చూసుకుని మధ్యాహ్నం రెండు నుంచి 26లో పెట్టి, ఫ్యాన్ నెమ్మదిగా తిప్పండి. స్లాబ్, గోడలు, బీరువా, పరుపు అన్నీ చల్లబడాలి కాబట్టి మొదటి గంట ఓపిక పట్టాలి. ఆరింటికి కూడా గది 28 దాటే ఉంటే ముందు ఫిల్టర్, కిటికీ అడ్డు, తలుపు సందు చూడండి, ఆ తర్వాతే యంత్రం చిన్నదా అని ఆలోచించండి. మన దుమ్ముకు ఫిల్టర్ రెండు వారాలకోసారి కడగాల్సిందే. అవుట్‌డోర్ కాయిల్‌ను ఏటా మార్చిలో, మిద్దెకు సున్నం వేసేటప్పుడే, నీళ్లతో కడిగిస్తే ఒకే రోజు రెండు పనులూ అయిపోతాయి.